బైండింగుకి వెళ్ళిన ఆధార గ్రంథం

"రెండో సంవత్సరం బీయస్సీ విద్యార్థులు సి భాష నేర్చుకోవడానికి ఒక ఆధార గ్రంథం అవసరం. దయచేసి కొనిపెట్టగలరు" అని నేను పై ఆఫీసుకి రాసింది ఒకే ఒక్క ముక్క. అందులో పుస్తకం అని రాసి ఊరుకున్నా గొడవ ఉండేది కాదు. పెద్దవాళ్ళు చదువుతారు గదా, కాస్త బరువుగా ఉంటుందని గ్రంథం అన్నాను. పోనీ అదైనా సర్దుకుపోయేది. కంప్యూటర్ సి అని రాసినా బతికిపోయేవాణ్ణి. సి భాష అన్నాను. భాష అన్న మాట కనబడేసరికి ఆ కాగితం కంప్యూటర్ల సెక్షనుకి వెళ్ళకుండా తిన్నగా భాషల సెక్షనుకి వెళ్ళి కూర్చుంది.

నా పేరు కుంచం జోగారావు. తొగరవలస ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పే గెస్టు లెక్చరర్ని. గెస్టు అంటే ఎప్పుడు వెళ్ళిపొమ్మంటే అప్పుడు వెళ్ళిపోవలసినవాడని అర్థం. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటకే భయపడుతూ బతికాను. వెళ్ళొద్దంటారని ఎప్పుడూ అనుకోలేదు.

జవాబు త్వరగానే వచ్చింది. మా ప్రిన్సిపాల్ కామేశ్వరరావు గారు దాన్ని నిలబడి చదివారు. "కళాశాలలయందు బోధింపబడు ఏ భాషకైనను భాషా ఆధార గ్రంథ ఎంపిక సంఘము వారి ఆమోదము పొందిన గ్రంథము ఉండవలెను. సదరు గ్రంథము లేని భాషను నోటితో గాని, చేతితో గాని, యంత్రముతో గాని బోధించుట నిషిద్ధము."

"యంత్రముతో గాని" అన్నచోట ఆయన ఆగి, మళ్ళీ చదివి, కంప్యూటర్ గదికి తాళం వేయించి తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"సంఘం వారు గ్రంథం తేల్చేదాకా ఎవరూ ఆ గది వైపు చూడకూడదు" అన్నారు. ఆయన జేబుకి కూడా బొత్తాం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ముద్దాడ భార్గవి నా వెంటపడింది. క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని అన్నిటికీ "ఎందుకు" అని అడిగే పిల్ల. నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిందీ, నేను అందరికంటే ఎక్కువ ఇష్టపడిందీ ఆమెనే.

"ఏటి సార్ ఇది? ఉగాది వెళ్ళగానే విశాఖపట్నం కంపెనీ వాళ్ళొస్తారు. వాళ్ళ పరీక్షంతా సి లోనే. దానికితోడు ఈ పిల్లకి సి వచ్చునని కాలేజీవోళ్ళు రాసిచ్చిన కాగితం ఉండాలంట. పాఠాలే లేకపోతే కాగితం ఎవరిస్తారు?"

"సంఘం వాళ్ళు పుస్తకం ఎంచితే పాఠాలు మొదలవుతాయమ్మా."

"ఎంచకపోతే? ఉద్యోగం రాకపోతే మా మావయ్య ఎరువుల కొట్లో కూకోమంటున్నారు సార్. ఆ బస్తాల పక్కన నిలబడితేనే నాకు తుమ్ములు. జీవితమంతా తుమ్ముతూ బతకమంటారా?"

మూడు పుస్తకాలు సంఘం ముందు పెడతానని, వాటిలో ఏదో ఒకటి ఎంచడానికి ఎంతసేపు పడుతుందని ధైర్యం చెప్పాను. నాకు అప్పటికి సంఘాలతో పరిచయం లేదు.

సంఘం అంటే ఇద్దరు. అధ్యక్షులు ఆచార్య పరిమి వాగీశ్వరశర్మ గారు, తెలుగు శాఖలో పనిచేసి రిటైరైనవారు. సభ్య కార్యదర్శి ఉపసంచాలకులు పద్మనాభం గారు, ఎప్పటికీ రిటైరు కారేమో అనిపించేవారు. వాళ్ళిద్దరూ మా కాలేజీకే వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. నేను మూడు పుస్తకాలూ బల్లమీద పెట్టాను. ఒకటి బక్కది, ఒకటి మధ్యస్థం, మూడోది ఎత్తితే చెయ్యి నొప్పెట్టేది. బక్కదే మంచిదని నా అభిప్రాయం.

పద్మనాభం గారు మూడింటినీ చేత్తో ఎత్తి చూసి, లావుపాటిదాన్ని తన వైపు లాక్కున్నారు. "గ్రంథమన్న తరువాత గ్రంథమువలె ఉండవలెను గదా" అన్నారు.

శర్మగారు దాన్ని తెరిచి మొదటి ప్రోగ్రాం చూశారు. "ఇదేమిటి?"

"లోకానికి నమస్కారం అని తెర మీద చూపించే ప్రోగ్రామండి. ఎవరు సి నేర్చుకున్నా మొదట ఇదే రాస్తారు."

ఆయన ముఖం వికసించింది. "మంగళాచరణం! పద్మనాభం గారూ, చూశారా, ఈ భాషలో మంగళాచరణం ఉంది. సంస్కారం గల భాష." నాకూ ఉత్సాహం వచ్చింది. ఇంకో పది నిమిషాల్లో పని అయిపోతుందనుకున్నాను.

"ఇంతకీ దీనికి సి అని ఎందుకు పేరు పెట్టారు?"

"ఇంతకుముందు బి అనే భాష ఒకటి ఉండేదండి. దాని తర్వాత వచ్చిందని..."

"మీ విద్యార్థులు బి నేర్చుకున్నారా?"

"లేదండి. దాన్నిప్పుడు ఎవరూ వాడరు."

"ఏ?"

"అది కూడా లేదండి."

"ఒకటో తరగతీ రెండో తరగతీ చెప్పకుండా పిల్లల్ని మూడో తరగతిలో కూర్చోబెట్టారన్నమాట" అన్నారు పద్మనాభం గారు. నేను బక్క పుస్తకాన్ని కొంచెం ముందుకు తోశాను.

శర్మగారు వెనక్కి వాలి కళ్ళు మూసుకుని అడిగారు. "అవన్నీ అలా ఉంచండి. భాషని ఒక్క మాటతో కొలవచ్చు. ఈ భాషలో అమ్మని ఏమంటారు?"

"అమ్మ అన్న మాట లేదండి."

"నాన్న?"

"లేదండి."

"మొత్తం మాటలెన్ని?"

"సిసలైనవి ముప్ఫై రెండండి."

"ముప్ఫై రెండు వేలా?"

"ముప్ఫై రెండేనండి."

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు. నేనేదో పేదవాడి ఇంట్లో పుట్టినట్టు, ఆ పేదరికం ఇప్పుడే బయటపడినట్టు ఉంది వాళ్ళ చూపు. పోనీ ఆ ముప్ఫై రెండూ చదవమన్నారు. చదివాను. "చార్" దగ్గర శర్మగారు కుర్చీలో లేచి నిటారుగా కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"చార్ అండి."

"చారు!" అని బల్ల చరిచారు. "ఇది మన మాటండీ! ప్రపంచంలో మరే జాతికైనా చారుందా?"

"అది చారు కాదండి, అక్షరం అని అర్థం."

"అక్షరమంటే నాశనం లేనిది. చారుకి మాత్రం నాశనముందా? మీ ఇంట్లో నిన్నటి చారు ఇవాళ చూడరా మీరు? కానివ్వండి, ప్రోగ్రామును ఎలా ఆరంభిస్తారు?"

"ఇంట్ మెయిన్ అని అండి."

ఆయన చేతులు జోడించారు. "ఇంట్ అంటే ఇంట్లో. మెయిన్ అంటే ముఖ్యం. ఇంట్లో ముఖ్యులు! ప్రతి రచననూ ఇంటి పెద్దను తలుచుకుని ఆరంభించే జాతి ఇది. అమ్మ అన్న మాట లేదన్నావు నాయనా. ఇదిగో అమ్మ. ఇంట్లో మెయిన్ అమ్మ కాక మరెవరు?"

మెయిన్ ఇంగ్లీషు మాటండీ అందామని నోరు తెరిచాను. ప్రిన్సిపాల్ గారు బల్ల కింద నా కాలు తొక్కారు.

వాయిడ్ అన్న మాట వచ్చేసరికి పద్మనాభం గారి వంతు వచ్చింది. "వాయిడ్... వాయిదా!" అన్నారు మెల్లగా, తప్పిపోయిన తమ్ముడు ఎదురుపడినట్టు. తరవాత మిగతా మాటలు ఆయనే వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. రిజిస్టరుంది. కేసుంది. యూనియనుంది. బ్రేకుంది. చివరికి ఆటో కూడా ఉంది. "శర్మగారూ, రిజిస్టరు, కేసు, యూనియను, బ్రేకు, వాయిదా... ఇది సందేహము లేకుండ ఆఫీసునందు పుట్టిన భాష. మన పూర్వులు, అనగా పూర్వపు ఉద్యోగులు, మాట్లాడుకొనిన భాష. ఆటోలో వచ్చి, చారుతో భోంచేసి వెళ్ళినట్లు ఆధారములు స్పష్టముగా ఉన్నవి."

"మన భాషల కుటుంబం నుంచి ఎప్పుడో తప్పిపోయిన బిడ్డ" అని తేల్చారు శర్మగారు. "దీన్ని ఇప్పుడెంతమంది మాట్లాడుతున్నారు?"

"మాట్లాడరండి. రాస్తారు. అదీ యంత్రానికి."

"మనిషికీ మనిషికీ మధ్య?"

"లేదండి."

"మీకు వచ్చునా?"

"వచ్చండి."

"మీరు కాక?"

"మా ఊళ్ళో అయితే నాకు తెలిసి ఇంకెవరూ లేరండి" అన్నాను. పద్మనాభం గారు కార్యక్రమ నివేదికలో రాసుకునేటప్పుడు "మా ఊళ్ళో అయితే" అన్నది వదిలేశారు. మిగతాదంతా ఉన్నదున్నట్టు రాశారు.

శర్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "జోగారావు గారూ, ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎలా భరించారండీ?"

గ్రంథం విషయం ఏం చేశారని అడిగాను. మూడు గ్రంథాలూ ఈ భాష మాట్లాడని పరాయివాళ్ళు రాసినవి కాబట్టి తిరస్కరించడమైనదని చెప్పారు.

ఆ తర్వాత నన్నెవరూ అడిగింది లేదు. అంతరించు భాషల పరిరక్షణ నిధి అని ఒకటి ఉందట. అది మా కాలేజీకి మంజూరైంది. ప్రిన్సిపాల్ గదికి ఏసీ వచ్చింది, గేటుకి రంగు వచ్చింది, గేటు మీద "సి భాషా పరిరక్షణ కేంద్రం" అని బోర్డు వచ్చింది. నాకు శాలువా వచ్చింది. నా నోటితో సి మాట్లాడించి రికార్డు చెయ్యడానికి పరిశోధకులొచ్చారు. ఒక ప్రోగ్రాం చదివి వినిపించాను. "బ్రాకెట్ తెరువు, బ్రాకెట్ మూయి" అంటుంటే వాళ్ళలో ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇది తలుపులు తెరిచి మూసే వాళ్ళ గృహప్రవేశపు పాట అయివుంటుందని పక్కాయన రాసుకున్నాడు.

"మీ చిన్నతనంలో ఇంట్లో సి మాట్లాడుకునేవారా?" అని అడిగిందావిడ.

"లేదమ్మా. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు."

"ఆర్టీ... సి" అని ఆవిడ మెల్లగా పలికి, పెన్ను మూత తీసింది.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది గాని, భార్గవి కనిపించినప్పుడల్లా నా నవ్వు ఎండిపోయేది. ఉగాది దగ్గరపడుతోంది. గదికి తాళం అలాగే ఉంది. ఒకరోజు ధైర్యం చేసి ప్రిన్సిపాల్ గారిని అడిగాను. భాషని బతికించడానికి నిధి వచ్చింది గనక, పిల్లలకి నేర్పితే బతుకుతుంది కదండీ అని.

ఆయన ఏసీ రిమోటు కింద పెట్టి, లేచి తలుపు వేసి వచ్చారు. "నీకేమైనా మతి పోయిందా జోగారావ్? నిబంధన చూశావా? మాట్లాడేవారి సంఖ్య పెరిగినచో భాష అంతరించుట ఆగిపోవును. అంతరించని భాషకు అంతరించు భాషల నిధి వర్తించదు. నువ్వు ఇంకొకడికి నేర్పావంటే ఈ ఏసీ, ఆ గేటు, ఆ బోర్డు అన్నీ ఊడదీసుకుపోతారు. ఒక భాషని కాపాడాలంటే దాన్ని ఎవరికీ రానివ్వకూడదయ్యా."

"మరి ఆధార గ్రంథం?"

"దాని గురించే ఇవాళ తీర్మానం" అన్నారాయన.

సంఘం ఆ మధ్యాహ్నమే తీర్మానించింది. పద్మనాభం గారు లేచి చదివారు. "సదరు భాషయందు ఆమోదయోగ్యమగు వ్రాత గ్రంథము లభించనందున, ఆ భాషను మాట్లాడు ఆఖరి వ్యక్తి అగు శ్రీ కుంచం జోగారావు గారినే సదరు భాషకు సజీవ ఆధార గ్రంథముగా ఎంపిక చేసి, కళాశాల గ్రంథాలయమునందు భద్రపరచుటకు తీర్మానించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

లైబ్రేరియన్ రాజ్యం గారు నిబంధనల మనిషి. నాకు నంబరిచ్చి, ఆ చీటీ చొక్కా వీపు మీద అంటించింది. ముద్ర మొదటి పేజీ మీదా, పుస్తకం పోతే గుర్తుపట్టడానికి లోపలుండే రహస్య పేజీ మీదా వెయ్యాలంది. మొదటి పేజీ అంటే నుదురట. చాలాసేపు బేరమాడి దాన్ని అరచేతికి దించాను, రహస్య పేజీని మోచేతితో సరిపెట్టాను. రెండు బీరువాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"సాయంత్రం ఎన్నింటికి వెళ్ళమంటారు?" అన్నాను.

"రిఫరెన్సు పుస్తకాలు బయటికివ్వం కదండీ" అంది ఆవిడ నొచ్చుకుంటూ.

నా భార్య క్యారేజీ అక్కడికే తెచ్చేది. మొదటిరోజు ఏడుస్తుందనుకున్నాను. చుట్టూ ఓసారి చూసి, "పెళ్ళయినప్పట్నుంచీ మీరెక్కడున్నారో నాకు ఖాయంగా తెలిసింది ఇప్పుడే" అని నిమ్మళంగా అన్నం వడ్డించింది.

విద్యార్థులు నన్ను సంప్రదించుకోవచ్చు. అయితే లైబ్రరీలో మాట్లాడకూడదు. నేను కాగితం మీద రాసి చూపించకూడదు, ఎందుకంటే పుస్తకాల్లో రాతలు రాయడం గురించి నిబంధన ఉంది గాని, తనే రాసే పుస్తకం ఏ నిబంధనలోనూ లేదు. భార్గవి రోజూ వచ్చి, రిజిస్టరులో నా నంబరు రాసి, నా ఎదురుగా కూర్చునేది. నేను ఆమెని చూసేవాణ్ణి, ఆమె నన్ను చూసేది. ఒకసారి తన పుస్తకంలో ఒక ప్రోగ్రాం రాసి నా ముందుకి తోసింది. తప్పు కనబడి తల అడ్డంగా ఊపాను.

"పుస్తకాలు తలూపవండీ జోగారావు గారూ" అంది రాజ్యం గారు.

నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఉన్న శాలువా చింపి పారేద్దామనిపించింది. ఒక పిల్ల నేర్పమని ఎదురుగా వచ్చి కూర్చుంటుంది, నేర్పడానికి జీతం తీసుకునేవాణ్ణి ఎదురుగా ఉన్నాను, మధ్యలో బల్ల తప్ప ఏ అడ్డూ లేదు. అయినా ఒక్క ముక్క చెప్పలేను. భార్గవి మాత్రం కోప్పడలేదు. గోడకున్న లైబ్రరీ నిబంధనలు మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎరువుల కొట్టు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, గట్టిగా ఒకసారి తుమ్మింది. తరవాత లేచి నా దగ్గరికి వచ్చి, నా చొక్కా కాలరు పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుట్లు పటపటమని ఊడిపోయాయి.

"మేడమ్, ఈ పుస్తకం చిరిగిపోనాది. బైండింగుకి పంపించాల" అంది.

రాజ్యం గారు వచ్చి కాలరు చూసింది. వీపు మీద చెయ్యి వేసి చూసింది. "నిజమే. వెన్ను కూడా వంగింది" అంటూ బైండింగు రిజిస్టరు తీసింది. రిఫరెన్సు పుస్తకం లైబ్రరీ గడప దాటడానికి ఉన్న ఒకే ఒక్క దారి అదేనని నాకు ఆ గడప దాటాక గాని తెలియలేదు.

మా కాలేజీ పుస్తకాలు బైండింగు చేసేది బస్టాండు దగ్గర సింహాచలం. అతని కొట్టు మీద బైండింగు, జిరాక్సు, పెళ్ళికార్డులు అని రాసి ఉంటుంది. లోపల ఒక కంప్యూటరుంది. సింహాచలం నా కాలరు అక్కడికక్కడే కుట్టేశాడు. తర్వాత కాలేజీ పుస్తకాల దొంతర చూపించి, "అవి పోయినేడాది ఇచ్చినవండి. వాటిని దాటి మిమ్మల్ని ముందు పంపిస్తే బాగోదు" అన్నాడు. ఆ మాటకి అతన్ని కౌగిలించుకున్నాను.

ఒప్పందం ఏమిటంటే, పెళ్ళికార్డులన్నీ భార్గవి టైపు చేసిపెట్టాలి, మిగతా సమయం కంప్యూటరు మాది. నేను నోరు తెరిచి పాఠం చెప్పాను. ఎన్నాళ్ళయిందో అలా చెప్పి. గొంతు నొప్పెట్టేదాకా చెప్పాను. ఆమె "ఎందుకు" అన్నప్పుడల్లా నాకు పండగలా ఉండేది. తన మొదటి ప్రోగ్రాంలో ఆమె లోకానికి నమస్కారం పెట్టలేదు. ఎవరు ఏ ఎరువు అడిగినా "లేదు, రేపు రండి" అని చెప్పే ప్రోగ్రాం రాసింది. "మా మావయ్యకి ఇదొక్కటి ఇచ్చీస్తే నేను కూకోనక్కర్లేదు సార్" అంది.

ఉగాది వెళ్ళింది. కంపెనీ వాళ్ళు వచ్చారు. మా ఊరినుంచి పరీక్షకి కూర్చున్నది భార్గవి ఒక్కతే, నెగ్గింది. కాలేజీ కాగితం వారంలోగా అందిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కాగితం పంపించమని కాలేజీకి కూడా చెప్పారు. అంతే, మా ప్రిన్సిపాల్ గారికి ఏసీలో చెమటలు పట్టాయి.

సంఘం పరుగున వచ్చింది. నన్ను సింహాచలం కొట్టునుంచి పిలిపించారు. భార్గవిని బల్ల ముందు నిలబెట్టారు.

"వక్తల సంఖ్య రెండైనది" అన్నారు పద్మనాభం గారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. "నిధి పోయినది. అమ్మాయీ, నీకు సి రాదని రాసి ఇచ్చినచో ఏ చర్యయు ఉండదు."

"వచ్చును కదా సార్, రాదని ఎలా రాస్తాను?"

"ఎవరు నేర్పారు?" అన్నారు శర్మగారు.

ఆమె నా వైపు చూసింది. నా పేరు చెబితే నా గెస్టు ఉద్యోగం ఆ గదిలోనే ముగుస్తుందని ఆమెకి తెలుసు. పేరు చెప్పలేదు. "జిరాక్సు కొట్లో వచ్చీసింది సార్" అంది.

పద్మనాభం గారు గభాలున తలెత్తారు. "ఎక్కడ?"

"బస్టాండు దగ్గర జిరాక్సు కొట్లో సార్."

"గ్రంథము ఆ సమయమున ఎక్కడ ఉన్నది?"

"అక్కడే ఉందండి, బైండింగుకి వెళ్ళి" అంది రాజ్యం గారు రిజిస్టరు చూసి.

పద్మనాభం గారి ముఖంలో ఏసీ మళ్ళీ ఆన్ అయింది. "శర్మగారూ, గ్రంథము జిరాక్సు కొట్టులో ఉన్నది. అక్కడ ఈమెకు వచ్చినది. కనుక ఈమె వక్త కాదు. నకలు! ఒక గ్రంథమునకు నకలు తీసినంత మాత్రమున గ్రంథములు రెండగునా? వక్త ఒక్కరే. నిధికి ఢోకా లేదు."

ప్రిన్సిపాల్ గారు గట్టిగా ఊపిరి వదిలారు. శర్మగారు భార్గవి తల మీద చెయ్యి వేసి, "మూలం చెదరకుండా ముద్ర చక్కగా పడింది" అన్నారు.

"అయితే నకలు మీద సంతకం పెట్టీండి సార్" అంది భార్గవి. "నిజమైన నకలు అని గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉంటే కంపెనీవోళ్ళకి చాలంట. అడిగీసేను."

ఆమె ముందే అడిగి పెట్టుకుందని, జిరాక్సు మాట ఊరికే అనలేదని నాకు అప్పుడు అర్థమైంది. పద్మనాభం గారు మాత్రం ఆకుపచ్చ పెన్ను బయటికి తీసి ఆగిపోయారు. "సంతకము చేయుటకు ముందు మూలముతో సరిచూడవలెను. జోగారావు గారూ, సంఘానికి నమస్కారము చేయు ప్రోగ్రాము ఒకటి వ్రాయండి. దానిని చూచి ఈమె వ్రాయును. అక్షరము తేడా వచ్చినను అది నకలు కాదు, సంతకము ఉండదు."

ఒక పిల్ల బతుకంతా నా చేతి రాత మీద ఆధారపడిందన్న కంగారులో ఎలాగో ఓ ఆరు లైన్లు రాసి ఆమె ముందు పెట్టాను. ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండు లైన్లూ చకచకా రాసింది. మూడో లైను చివరికి వచ్చి ఆగింది. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. మర్చిపోయిందా, రాదా, నేను సరిగ్గా చెప్పలేదా అని వెయ్యి అనుకున్నాను. చివరికి ఆమె పెన్ను ఎత్తి తరవాతి లైనులోకి వెళ్ళిపోయింది.

పద్మనాభం గారు రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. శర్మగారు ఒక్కో గుర్తూ వేలితో తడుముతూ పోల్చారు. ఏ తేడా లేదు. ఆకుపచ్చ సిరాతో "నిజ ప్రతి" అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు.

ఇద్దరం వరండాలోకి వచ్చాం. ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అంది.

"సార్, మూడో లైను చివర సెమీకోలన్ మర్చిపోనారు."

సి లో ప్రతి వాక్యం చివరా ఆ గుర్తు ఉండాలి. లేకపోతే యంత్రం మొత్తం ప్రోగ్రామునే తిప్పికొడుతుంది. మొదటిరోజు పాఠంలో చెప్పేది అదే.

"చూశావా? మరి నువ్వెందుకు పెట్టలేదమ్మా?"

"పెడితే నకలు అవ్వదు కదా సార్."

"అయితే ఆ ప్రోగ్రాం నడవదు కదా!"

"ప్రోగ్రాం నడవదు సార్. సంతకం నడుస్తాది."

నాకు సిగ్గేసింది. దానికి పదింతలు గర్వమేసింది. గురువు తప్పుని పట్టుకోవడం వేరు, పట్టుకున్నాక ఎప్పుడు దిద్దాలో ఎప్పుడు వదిలెయ్యాలో తెలియడం వేరు. అది నేను నేర్పలేదు. ఏ ఆధార గ్రంథంలోనూ ఉండదు కూడా. ఆమె నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపి, బస్సు వెళ్ళిపోతుంది పరిగెత్తమన్నాను.

నేను లోపలికి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గారు నా కాగితానికి అద్దం కట్టించమని పురమాయిస్తున్నారు. ఇప్పుడది గేటు దాటగానే ఎదురుగోడ మీద ఉంది. "సి భాషయందు లభ్యమగు ఏకైక మూల రచన" అని కింద రాశారు. మంత్రులొచ్చినా, పరిశోధకులొచ్చినా ముందు దానికే దండ వేసి లోపలికొస్తారు. ఇంతవరకూ ఎవరూ అందులో తప్పు పట్టలేదు. తప్పు పట్టగలిగిన మనిషి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటోంది.